డిక్కీ నిండా శ్రీకాకుళం

శ్రీకాకుళం జిల్లా చుట్టి వద్దామని కనుమ వెళ్ళిన రెండో రోజు చీకటితోనే విజయనగరంలో బయల్దేరాం. అమ్మ, మా ఆవిడ, పదకొండేళ్ళ మా పిల్ల, నేను, ఇంకో వెదురు కర్ర. మాది 2009 నాటి టాటా ఇండిగో మెరీనా, కప్పు వెనకదాకా సాగి, డిక్కీ లోపలే కలిసిపోయిన ఎస్టేట్ రకం పొడుగు కారు. వెనక డోరుని పైన నిలబెట్టే షాకర్లు ఎప్పుడో నీరసించిపోయాయి. డోరెత్తి కర్ర పోటీ పెట్టకపోతే నెత్తి మీద పడుతుంది. మెకానిక్కు రెండేళ్ళుగా 'తెప్పిస్తానండీ' అంటున్నాడు. ఇంజను సామానంటే ఇండికా, ఇండిగోలవి సరిపోతాయి గానీ వెనక భాగానివి దొరకడమే కష్టం.

ఈ తరహా కార్లు మనవాళ్ళకి ఎందుకో ఎక్కలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో మెరీనా వచ్చింది, రెండూ పోయాయి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి దించాక పొడుగు బండి బరువైపోయింది. అదే ఇండిగోకి తోక కోసి 2008లో సీఎస్ (కాంపాక్ట్ సెడాన్) అని తెచ్చారు. మాది ఆ ఇంట్లోనే తోక మిగిలిన అన్న. వీధిలో మొదట అడిగిన మాట 'ఇదేటి బాబూ, అంబులెన్సు కొన్నారేటి?'

నేను దీన్ని అమ్మకపోవడానికి కారణం అమ్మ మోకాళ్ళు. మా బావగారి ఎత్తు కారెక్కాలంటే ఆర్టీసీ బస్సెక్కినంత పని. దీన్లో అయితే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకుంటుంది. సీటు ఎత్తు మామూలు కారుది, సామాను చోటు చిన్న వ్యానుది.

చిలకపాలెం దగ్గర హైవే దిగి ముందు పొందూరు వెళ్ళాం. ఒకింటి అరుగు మీద పెద్దావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. గోరంత పళ్ళు, గింజ చుట్టూ దూది పొగలా విచ్చుకుంటోంది. మా పిల్ల ఆ దవడని చేతిలోకి తీసుకుని వెంటనే నా చేతిలో పెట్టేసింది. పంచె ధర వింటే గుండె ఝల్లుమంటుంది. అయినా ఆ దువ్వడం చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు.

అరసవల్లిలో ఆదివారం కాదు కాబట్టి అరగంటలో దర్శనమైంది. శ్రీకూర్మంలో మాత్రం పిల్ల తాబేళ్ళ దగ్గర పాతుకుపోయింది. నక్షత్రాల డిప్పలు, ముసలి మెడలు. రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయో అమ్మ చెబుతున్నా వినలేదు.

శాలిహుండంలో బౌద్ధ స్తూపాల కొండ మెట్లు చూసి అమ్మ 'మీరెళ్ళండి' అంది. చెట్టు కింద బండి ఆపి, డోరెత్తి, కర్ర పెట్టి, డిక్కీ అంచున దుప్పటి వేశాం. బంపరు దాకా నేల సమంగా ఉంటుంది కాబట్టి అది అరుగే. పైన ఇటుక స్తూపాలు, కింద వంశధార సముద్రం వైపు పోవడం, అంతా చూసి దిగేసరికి అమ్మ ఎవరో మేకలావిడతో సంక్రాంతి అరిసెల పాకం గురించి మాట్లాడుతోంది. పులిహోర అక్కడే తిన్నాం. కొండెక్కేవాళ్ళు నీళ్ళు వెంట పట్టుకెళ్ళండి.

కళింగపట్నంలో లైట్‌హౌసు, ఏరు సముద్రంలో కలిసే చోటు, ఎండలో ఆరిన నెత్తళ్ళు. మా ఆవిడ రెండు కిలోలు కొంది. ఈ రకం బండి అసలు లోపం అక్కడ తెలిసింది. సెడాన్ కారుకి డిక్కీ వేరే గది. దీనికి సీటు వెనకంతా ఒకటే గాలి. మూడు కవర్లు చుట్టినా శ్రీకాకుళం చేరేలోగా అద్దాలు దించేశాం.

రాత్రి దిగిన లాడ్జి 'కార్ పార్కింగ్ ఉంది' అంది. ఉన్నది సెల్లారు, దానికో నిట్టనిలువు దిగుడు. పొడుగు బండి కదా, ముందు దిగాక వెనక పొట్ట రాసుకుంది. 1,400 రూపాయల గదిలో దుప్పట్లు శుభ్రం, వేన్నీళ్ళు మాత్రం ఎనిమిదికి బందు. సగటు మార్కులు వేస్తాను.

పొద్దున్నే మంచులో శ్రీముఖలింగం. ఈ ప్రయాణంలో ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి. కళింగనగరమని గాంగ వంశపు రాజులు ఏలిన ఊరు, ఇప్పుడు వరి కళ్ళాల మధ్య మూడు గుళ్ళు. ముఖలింగేశ్వరుడి గుడి ద్వారబంధాల మీద రాతిలో లతలు ఎంత సన్నగా ఉన్నాయంటే మా ఆవిడ వేలితో గీత వెంట వెళ్తూ దారి తప్పింది. తొందర పెట్టేవాళ్ళు లేరు.

బుడితిలో ఇత్తడి బిందె, రెండు చెంబులు కొన్నాం. బండి బ్రేకు వేసినప్పుడల్లా చెంబులు దొర్లి అమ్మ సీటుని గుద్దేవి. చివరికి పొందూరు పంచె మధ్యలో దూర్చాం. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు. పెరటి మీద రెట్ట పడుతున్నా ఆ ఊరివాళ్ళు వాటిని శుభమంటారు. చెట్టు నీడని ఆశపడి బండి పెట్టకండి. మేం పెట్టాం.

పలాసలో జీడిపప్పు. కౌంటు తెలుసుకుని వెళ్తే మోసపోరు. 240 అంటే పౌనుకి (అర కిలోకి కాస్త తక్కువ) సుమారు 240 గుళ్ళు, 320 అంటే అంతకన్నా చిన్నవి. పాయసానికి బద్దలు చాలు, సగం డబ్బు మిగులుతుంది. కొట్టు కుర్రాడు డబ్బాలు సర్దుతూ 'ఇంకా ఎంతైనా పడుతుందండి ఇందులో' అన్నాడు. ఆ మాటకి మా ఆవిడ బస్తా కొబ్బరికాయలు కూడా వేయించింది. తిరుగుదారిలో వెనక స్ప్రింగులు కూలబడి, ప్రతి ఊరి స్పీడు బ్రేకరూ అడుగున గీకింది. మడపాం టోల్‌గేటు కుర్రాడు అద్దం దగ్గరకి వచ్చి, ముక్కు మూసుకుని, ఫాస్టాగ్ చూసి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చాక వాసన పోవాలని రెండు రోజులు డోరెత్తి కర్ర పెట్టి ఉంచాను. మూడో రోజు పొద్దున చూస్తే వీధిపిల్లి డిక్కీలో ఈని, నాలుగు పిల్లలతో పడుకుంది. విశాఖ ప్రయాణం వాయిదా వేసుకున్నాం.