లైకుల లెక్క చూపాలా, దాచాలా?

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునేవాళ్ళకు మేం చెప్పేది ఒకటే: పనితనం చూపే పోస్టులకు లెక్క దాచేయండి.

కరక్కాయ, ఎనుము పాలలో గుడ్డ నానబెట్టే వీడియోకు 40 లైకులు, ట్రెండింగ్ పాటకు దుపట్టా ఊపే రీలుకు 900 వచ్చాయనుకోండి. నెల తిరక్కుండానే పేజీలో కరక్కాయ గిన్నె మాయమై, ఊపుడు రీల్సే మిగులుతాయి. కొనేవాళ్ళు మాత్రం "రంగు పోతుందా? చేత్తో వేసిందేనా?" అనే అడుగుతారు. దానికి జవాబు ఆ 40 లైకుల వీడియోలోనే ఉంది.

చూసేవాళ్ళనూ అంకె లాగుతుంది. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 14 వేల మందికి పైగా కొత్త పాటలు విన్నారు. డౌన్‌లోడ్ల లెక్క చూసినవాళ్ళ గుంపుల్లో హిట్లు ఇంకా పెద్ద హిట్లయ్యాయి, ఏది హిట్టవుతుందో చెప్పడమూ కష్టమైంది. 2013 నాటి మరో ప్రయోగంలో కామెంటుకు మొదటి అనుకూల ఓటు ఉత్తుత్తిగా వేస్తే చాలు, చివరి రేటింగ్ సగటున 25 శాతం పెరిగింది. ఉత్తుత్తి వ్యతిరేక ఓటును మాత్రం జనమే సరిచేశారు.

దాచడం తేలికే: పోస్టు మీది మూడు చుక్కలు నొక్కితే ఆ ఎంపిక ఉంటుంది. 2021 మే నుంచి అందరికీ ఇచ్చారు. చిక్కేమిటంటే, మీ లెక్క మీకు కనబడుతూనే ఉంటుంది, ఫాలోవర్ల సంఖ్యా దాగదు. దాంతోపాటు సెట్టింగ్స్‌లో ఇతరుల లైకులు కనబడకుండా చేసేది కూడా ఆన్ చేయండి. పక్క షాపును చూసి కాపీ కొట్టే జబ్బుకు ఇదే అసలు మందు. హోల్‌సేల్‌వాళ్ళు లెక్కలడిగితే స్క్రీన్‌షాట్ పంపితే సరి.

సమాచారం చెప్పే వీడియోల సంగతి వేరు. 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైకుల సంఖ్య దాచింది. చిన్న ఛానెళ్ళ మీద గుంపుగా దాడులు తగ్గాలన్నది వాళ్ళ మాట. అయితే తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ బుకింగ్ వీడియో తప్పుదారి పట్టిస్తోందని ఇట్టే తెలిపే గుర్తు దాంతో పోయింది. ఇక్కడ చూపడమే మేలు. వ్యూస్‌ను నమ్మలేం, పాత వీడియోకూ అవి పోగవుతూనే ఉంటాయి. ముందు అప్‌లోడ్ తేదీ చూసి, కామెంట్లను కొత్తవి పైకొచ్చేలా పెట్టుకోండి. అక్కడ "ఇప్పుడిలా రావట్లేదు" అని రెండు మాటలు కనబడితే వీడియో మూసేసి, నేరుగా టీటీడీ వెబ్‌సైటుకే పోండి.