గిటారు తయారీ నేర్చుకోబోయేవారికి హెచ్చరిక: డబ్బు కట్టే ముందు నెక్ ఎవరు చేస్తారో అడగండి

శిక్షణలో తయారైన గిటారు ఇంటికి తెచ్చుకున్న మూడో వారంలో నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నెక్ మీద, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం మీద, ఎడమచేయి పైకీ కిందికీ జరుపుతుంటే ఫ్రెట్ల (నెక్‌కు అడ్డంగా బిగించే సన్నని లోహపు పట్టీల) చివరలు వేళ్లకు గీసుకుంటున్నాయి. తెచ్చిన రోజు అంచు నున్నగానే ఉంది. లోహం పెరగదు కదా, తగ్గినది చెక్క. ఆరుతున్న కొద్దీ ఫ్రెట్లు దిగగొట్టిన పలక, అంటే ఫ్రెట్‌బోర్డు, అడ్డంగా కుంచించుకుపోయింది, ఫ్రెట్ మాత్రం ఉన్నంత పొడవూ ఉండి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది. గాలి బాగా పొడిబారినప్పుడు మంచి గిటారులోనూ ఒకటి రెండు చోట్ల ఇలా తగులుతుంది. ఇరవైరెండు ఫ్రెట్లూ మూడు వారాల్లోనే తగిలాయంటే పచ్చిదనం పోని చెక్కకు ఫ్రెట్లు కొట్టారని అర్థం. ఆ చెక్క ఎక్కడిదో, ఎన్నాళ్లు ఆరిందో నాకు తెలియదు. నా చేతులతో చేశానని చెప్పుకోవలసిన గిటారులో నెక్ సంగతే నాకు తెలియకపోవడం వల్లనే ఇదంతా రాస్తున్నాను.

'చెక్క పలక నుంచి మోగే గిటారు దాకా ప్రతి భాగమూ మీ చేతులతోనే, ఒక గురువుకు ఒక్కరే శిష్యులు' అని నాకు గిటారు తయారీ నేర్పిన పనివాడి ప్రకటన. శిక్షణ పది రోజులు. డబ్బు మొత్తం ముందే కట్టాను. మొదటి రోజు వెళ్లేసరికి బల్ల మీద ఆకారం కోసిన బాడీ ఉంది, దాని పక్కన ఫ్రెట్లతో సహా పూర్తయిన నెక్ ఉంది. "నెక్ చేయడానికి పది రోజులు చాలవు, అందుకే ముందుగా చేసి పెట్టాను. మీకు కష్టమైన పని తప్పింది" అన్నారు. ఆ కష్టమైన పని కోసమే వచ్చానని అప్పుడే చెప్పవలసింది. గురువు దగ్గర మొదటి రోజే అభ్యంతరం చెప్పడానికి మొహమాటపడ్డాను. దయచేసి మీరు ఆ మొహమాటం పడకండి.

తర్వాతి రోజుల్లో నేను చేసినది ఎక్కువగా గరుకు కాగితంతో రుద్దడం. పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) కూర్చునే గుంతలు తొలిచే యంత్రం రౌటర్. దాన్ని ప్రమాదమంటూ ఆయనే పట్టుకున్నారు. రౌటర్ ప్రమాదమైన మాట నిజమే. అయితే నేర్పే ఉద్దేశం ఉన్నవారు పనికిరాని చెక్క ముక్క మీద నాలుగు గుంతలు తొలిపించి, చెయ్యి కుదిరాక అసలు బాడీ అప్పగిస్తారు. నాకు ఆ ముక్క కూడా దక్కలేదు. చిత్రిక పట్టింది లేదు, ఆకురాయి ముట్టింది లేదు. పికప్‌లకు తీగలు అతికించడం మాత్రం నిజంగా నేర్పారు, ఆ పని ఇప్పటికీ బాగానే ఉంది.

నెక్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సాధారణ మందం ఉన్న ఆరు తీగలు శ్రుతికి బిగిస్తే నెక్ మీద పడే లాగుడు 45 కిలోలకు పైనే. ఆ బరువుకు అది ముందుకు వంగుతుంది. దానికి ఎదురు నిలవడానికే లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర మిల్లీమీటరులో పావు వంతు వంపు ఉంటే తీగ ఊగడానికి చోటుంటుంది. నా గిటారులో అది 0.8 మిల్లీమీటర్లు. ట్రస్ రాడ్ బిగిస్తూ పోతే మర చివరికి వచ్చేసింది గానీ వంపు తగ్గలేదు. వెనక్కి తిప్పి వెలుగులో చూస్తే చెక్క నార పొడవునా నేరుగా సాగకుండా మధ్యలోనే పక్కకు వాలిపోయి ఉంది. అలాంటి పలకను నెక్‌కు ఎంచుకోకూడదని నేర్పవలసిన రోజు నా శిక్షణలో లేనే లేదు.

ఫ్రెట్ల గాళ్లు యంత్రంతో కోసినవి. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు, యంత్రం లెక్క తప్పదు. మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. 648 మిల్లీమీటర్ల పొడవుకు మొదటి ఫ్రెట్ 36.37 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగమైన 324 దగ్గర పడతాయి. ఎంతో అందమైన లెక్క అది. యంత్రం కోసిందని ముందే చెబితే ఆనందంగా ఒప్పుకునేవాణ్ణి. చేతిపని అని అమ్మి యంత్రపు పని ఇవ్వడం మోసం.

ఆయన దగ్గరుండి చేసిన పనిలో కూడా తప్పు జరిగింది. తీగను ఫ్రెట్ మీద నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి తీగ ఆనే చిన్న ముక్క అయిన శాడిల్‌ను లెక్క పొడవు కన్నా కొంచెం వెనక్కి జరపాలి, లావు తీగలకు మరికొంచెం. శాడిళ్లను మోసే బ్రిడ్జిని ఆయన అవసరమైన చోటి కన్నా నాలుగు మిల్లీమీటర్లు ముందుకు బిగించారు. లావు తీగను ఊరికే మీటి ఒకసారి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి ట్యూనర్‌లో చూస్తే రెండోది స్పష్టంగా పైకి పోతోంది. శాడిల్ వెనక్కి జరుపుదామంటే మరలో ఇక చోటు లేదు. అడిగితే "తీగలు కొత్తవి, వాయిస్తుంటే సర్దుకుంటాయి" అన్నారు. కొత్త తీగ సాగి మొత్తంగా శ్రుతి దిగుతుంది, దాన్ని మళ్లీ బిగించుకోవచ్చు. బ్రిడ్జి ఉన్న చోటు మాత్రం వాయిస్తే సర్దుకోదు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, గిటారు తీసుకునే ముందు అక్కడే చేయండి.

అన్నిటి కన్నా కోపం తెప్పించింది రంగు వేసిన రోజు. రెండు భాగాలు కలిపి చల్లే పాలీయురథేన్ అది. అందులో కలిపే గట్టిదనపు ద్రవంలో సాధారణంగా ఐసోసైనేట్లు ఉంటాయి, పీల్చితే ఉబ్బసం తెచ్చిపెట్టగల పదార్థాలు. కిటికీ తెరిచి, దుమ్ముకు వాడే పలచని గుడ్డ ముసుగు ఒకటి చేతికిచ్చారు. ఆవిరిని ఆ ముసుగు ఆపదు. గాలి తీసే ఏర్పాటున్న గది కావాలి, ఊపిరికి వేరే గాలి అందించే పరికరం కావాలి. చెక్క పొడి కూడా తక్కువది కాదు, దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చి చాలా ఏళ్లయింది. పొడిని లాగే యంత్రం లేని చోట, రంగుకు విడి గది లేని చోట పది రోజులు పనిచేయకండి. ఈ విషయంలో ఎవరి పేరు ప్రతిష్ఠలూ చూడవద్దు.

లోపాలన్నీ ఫోటోలు తీసి పంపాను. నెక్ మార్చాలంటే మళ్లీ డబ్బు కట్టాలన్నారు. కొంతైనా తిరిగి ఇమ్మని అడిగితే, శిక్షణ పూర్తయింది, గిటారు మీ చేతిలో ఉంది కదా అన్నారు. నా దగ్గర ఉన్న కాగితంలో 'పూర్తి శిక్షణ' అన్న రెండు మాటలే ఉన్నాయి. నెక్ ఎవరు చేస్తారన్నది అందులో లేదు.

కాబట్టి అడగవలసినవి ముందే అడిగి రాయించుకోండి. నెక్ పలకను ఎవరు ఎంచుతారు? ట్రస్ రాడ్ గాడి ఎవరు తొలుస్తారు? ఫ్రెట్లు కొట్టేదీ, వాటి పైభాగం సమం చేసేదీ మీరేనా? చెక్కలో తేమ కొలిచే పరికరం ఉందా? ఉంటే మీ ముందే పెట్టి చూపమనండి. వాయిద్యాలకు ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా తేమ ఉన్న చెక్కను మంచి పనివారు కోరుకుంటారు. పాత శిష్యులు చేసిన గిటార్ల ఫోటోలు చాలవు, వారిలో ఒకరితో మాట్లాడి మొదటి రోజు బల్ల మీద ఏముందో అడగండి. సొమ్ము మూడు విడతలుగా కడతామనండి, చివరి విడత పన్నెండో ఫ్రెట్ పరీక్ష అయ్యాక. నిజంగా నేర్పేవారికి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. తర్వాత నేను కలిసిన మరొక పనివాడు ఇవన్నీ నేను అడగకముందే చెప్పారు.

ఆ రెండో పనివాడి సలహాతో బ్రిడ్జి ఊడదీసి, పాత రంధ్రాల్లో గట్టి చెక్క మేకులు జిగురుతో దిగగొట్టి, నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి కొత్త రంధ్రాలు పెట్టాను. శాడిల్ జరపడానికి ఇప్పుడు చోటు దొరికింది, పన్నెండో ఫ్రెట్ శ్రుతి కలిసింది. నెక్ మాత్రం కొత్తది చేయవలసిందే. నార నేరుగా ఉన్న మేపుల్ పలక ఒకటి కొని గోడకు ఆనించాను. దాని మీద పెన్సిలుతో తేదీ, బరువు రాసి వారానికొకసారి తూస్తున్నాను. నిన్నటి తూకంలో ఇంకా ఆరు గ్రాములు తగ్గింది. బరువు నిలకడగా ఆగేదాకా దానికి రంపం తగలనివ్వను.