నత్తల్లో వారసత్వం కొలవాలంటే: తోబుట్టువుల పోలికా, తల్లిదండ్రులతో పోలికా?

తోట నత్త కోర్ను ఆస్పర్సం మధ్యధరా ప్రాంతపుది. 1850ల్లో తినడానికని కాలిఫోర్నియాకు తెస్తే అక్కడి నారింజ తోటలకు చీడై కూర్చుంది. దాని గుల్ల సైజులోని తేడాల్లో జన్యువుల వాటా, అంటే వారసత్వ నిష్పత్తి, ఎంత? కొలవడానికి రెండు పద్ధతులున్నాయి.

తోబుట్టువుల పద్ధతికి ఒక్క తరం చాలు. కుటుంబాల (ఒక్కో జతకు పుట్టిన పిల్లల గుంపుల) మధ్య వైవిధ్యాన్ని మొత్తం వైవిధ్యంతో భాగించి రెండుతో హెచ్చిస్తారు. అంకె సాధారణంగా ఉబ్బే వస్తుంది: పెద్ద గుడ్లు పెట్టిన తల్లి ప్రభావం, ఒకే డబ్బాలో పెరిగిన ప్రభావం జన్యువుల ఖాతాలో పడతాయి. ఒక్కో కుటుంబాన్ని రెండు మూడు డబ్బాలకు పంచాలి, డబ్బాకు సమాన సంఖ్యలో. కిక్కిరిస్తే ఎదగవు. బయట పట్టిన ఎదిగిన నత్తలు తల్లిదండ్రులుగా అసలు పనికిరావు. పాత వీర్యాన్ని దాచుకుంటాయి కాబట్టి ఒకే గుడ్ల గుంపుకు ఇద్దరు ముగ్గురు తండ్రులుండొచ్చు. గుల్ల అంచు మందపడి బయటికి తిరగకముందే వేరుచేసినవే వాడాలి.

తల్లిదండ్రులతో పోల్చడానికి రెండు తరాలు, ఓపిక కావాలి. తల్లిదండ్రులిద్దరి సగటుపై పిల్లల సగటు గీస్తే, ఆ రేఖ ఏటవాలు ఎంతో వారసత్వ నిష్పత్తి అంత. పైగా నత్త ఉభయలింగి: జతలో రెండూ గుడ్లు పెడతాయి, కాబట్టి తల్లి ప్రభావాన్ని విడదీయొచ్చు. గుల్లకైతే ఇదే మేలు.

గుల్ల కాకుండా విశ్రాంతి జీవక్రియ రేటు (కదలకుండా ఉన్నప్పుడు ఒళ్లు శక్తిని ఖర్చుచేసే వేగం) వారసత్వం కొలవాలంటే ఏ పద్ధతైనా తిప్పలే. ఒక రోజు పస్తుంచి, ఒకే ఉష్ణోగ్రతలో, కనీసం రెండుసార్లు కొలిచి, బరువుకు సరిచేయాలి.