మొజంజాహి మార్కెట్: ఐస్‌క్రీమ్ కోసం వెళ్లినా సరే, ఓసారి తలెత్తి చూడండి

హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినా ఎంజే మార్కెట్‌ని ఎన్నేళ్లుగానో బస్సు కిటికీలోంచి చూడ్డమే తప్ప లోపలికి వెళ్లి తిరిగింది తక్కువ, మొన్న ఆదివారం సాయంత్రం తీరిగ్గా వెళ్లాం. ఏడో నిజాం హయాంలో 1935లో కట్టిన మార్కెట్ ఇది, ఆయన రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. అంతా గ్రానైట్ రాయే. పైన గడియార స్తంభం. 2020లో బాగుచేసి తెరిచాక, ఏళ్ల తరబడి పట్టిన మసీ, అడ్డదిడ్డంగా వేలాడిన బోర్డులూ పోయి రాయి అసలు రంగు కనిపిస్తోంది, లైట్లు వేశాక ఇంకా బాగుంటుంది.

ఇక తిండి సంగతి. ఫేమస్ అనే ఐస్‌క్రీమ్ కొట్టులో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం, గుజ్జు పంటికి తగులుతుంది, ఎసెన్స్ వాసన లేదు. కాకపోతే ఇది సీజన్ సరుకు, ఎండాకాలంలో వెళ్తే మామిడి అడగండి. అత్తరు కొట్టు దగ్గర ఆగితే చేతి మీద ఒక్కో చుక్కా రాసి చూపిస్తారు, నాలుగో రకానికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. డ్రై ఫ్రూట్స్ మాత్రం బేరమాడకుండా కొనొద్దు, ఒక కొట్టులో అంజీర్ పైన పరిచినవి ఒకలా, పొట్లంలో కట్టినవి ఒకలా ఉన్నాయి.

పార్కింగ్ పెద్ద టెన్షన్. గాంధీభవన్ మెట్రోలో దిగి నడిచి రండి, హాయి.