కలిపి కట్టినదా, విడివిడిగా బిగించినదా: వరంగల్ రోడ్లకు ఏ సైకిలు మేలు?

ఖరీదైన కొత్త రోడ్డు సైకిలును ఎదురుగా నిలబడి చూస్తే బ్రేకు కేబులు గాని, గేరు కేబులు గాని బయట కనిపించదు. హ్యాండిలూ, దాన్ని సైకిలుకు కలిపే స్టెమ్మూ ఒకే కార్బన్ ముక్కగా అచ్చుపోసి ఉంటాయి. కేబుళ్లు దానిలోంచి, హ్యాండిలు తిరగడానికి ఉండే హెడ్‌సెట్ బేరింగుల నడుమగా ఫ్రేములోకి దిగిపోతాయి. సీటు గొట్టం కూడా గుండ్రంగా కాక ఆ ఒక్క ఫ్రేముకే సరిపోయే ఆకారంలో ఉంటుంది. దాని పక్కన పాతికేళ్ల కిందటి గేరు సైకిలును నిలబెడితే ప్రతి భాగం విడిగా, ప్రతి నట్టు కంటికి కనిపించేలా ఉంటుంది. హనుమకొండలోనో కాజీపేటలోనో ఉంటూ రోజూ ఆఫీసుకో కాలేజీకో తొక్కుతూ, సెలవునాడు ములుగు దారిన రామప్ప దాకా వెళ్లిరావాలనుకునేవారికి ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్నదే ఇక్కడ చర్చించే విషయం. పందెపు సైకిళ్ల తయారీదారులు చెప్పే మాటలను ఉన్నవున్నట్టు ఈ ప్రాంతానికి అన్వయిస్తే లెక్క తప్పుతుంది. పాతదంతా బంగారమనుకున్నా అంతే తప్పుతుంది.

పాతదాని సంగతే ముందు చూద్దాం. పాలక్యాన్లు మోసిన నల్ల సైకిలును సరళతకు నమూనాగా చెప్పడం మనకు అలవాటు. అయితే దాని ఇనుప కడ్డీల బ్రేకును నిదానంగా గమనిస్తే అదొక కలిపి కట్టిన వ్యవస్థే అని తెలుస్తుంది. బ్రేకు లివర్లు హ్యాండిలుకే అతికి ఉంటాయి. కడ్డీల పొడవు ఆ ఫ్రేముకు తగినదే కావాలి. బ్రేకు కట్టెలు రిమ్ము పక్కలను కాక లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి కనుక దానికి తగిన రిమ్మే ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ వేరే రకం సైకిలుకు పనికిరాదు. అయినా ఆ బ్రేకు పాడైతే పరకాలలోనైనా, నర్సంపేటలోనైనా గంటలో బాగుపడేది. కారణం దాని నిర్మాణం సులువుగా ఉండడం కాదు. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లుధియానాలో మొదలైన హీరో, అన్నీ దశాబ్దాల తరబడి దాదాపు ఒకే కొలతలతో ఆ సైకిలును తయారు చేశాయి. కొలత మారలేదు కాబట్టి సామాను ప్రతి షాపులోనూ దొరికింది, పని ప్రతి మెకానిక్ చేతికీ అలవాటైంది. కొత్త భాగాలను తూచేటప్పుడు కూడా ఈ కోణాన్ని వదలకూడదు.

పాత సైకిలులో నిజంగా మెచ్చుకోదగనిది క్రాంకును, అంటే పెడలు బిగించే కడ్డీని, ఇరుసుకు పట్టించే కాటర్ పిన్ను. దాన్ని సుత్తెతో కొట్టి దించాలి, సుత్తెతోనే కొట్టి తీయాలి. కొంచెం వదులైతే పెడలు తొక్కిన ప్రతిసారీ టక్కుమంటుంది, తీసేటప్పుడు వంగితే కొత్తది వేయవలసిందే. లోపల విడి ఉక్కు గోళీలు, గ్రీజు, గోళీలను ఒత్తి పట్టే కోను ఉంటాయి. వానాకాలం దాటాక విప్పి, కడిగి, కోనును మరీ బిగించకుండా మరీ వదలకుండా సర్దగల చేయి ఇప్పుడు అన్ని షాపుల్లోనూ లేదు. దాని స్థానంలో వచ్చిన, గోళీలనూ ఇరుసునూ ఒకే మూసిన డబ్బాలో పెట్టిన కార్‌ట్రిడ్జి నలుపలకల ఇరుసు నా ఉద్దేశంలో అన్ని విధాలా మెరుగు. ఇది కూడా కలిపి కట్టినదే, విప్పి బాగుచేసే వీలు లేనిదే. కానీ ఎర్రమట్టి నీళ్లు లోపలికి చేరడం తగ్గుతుంది, సర్దవలసిన పని ఉండదు, అరిగితే మొత్తం తీసి మరొకటి బిగించవచ్చు, ధర కూడా భరించలేనిది కాదు.

వెనక చక్రం విషయంలో కొత్త పద్ధతి ఇంకా స్పష్టంగా నెగ్గుతుంది. 21 గేర్ల పేరుతో అమ్మే చవక సైకిళ్లలో చాలావాటికి ఇప్పటికీ హబ్బు (చక్రం నడిమి భాగం) మర మీద తిప్పి బిగించే ఏడు చక్రాల ఫ్రీవీలే వస్తుంది. ఈ అమరికలో కుడివైపు బేరింగు ఫ్రీవీలుకు లోపలి పక్కన ఉండిపోతుంది కనుక ఇరుసులో కుడి భాగం చాలా దూరం ఆధారం లేకుండా మిగులుతుంది. క్యారియరు మీద బియ్యం సంచీ పెట్టుకుని గుంతలో పడినప్పుడు వంగేది, ఒక్కోసారి విరిగేది ఆ భాగమే. పైగా తొక్కిన ప్రతి తొక్కుకూ ఫ్రీవీలు మర మీద మరింత బిగుసుకుంటుంది. రెండు మూడేళ్ల తర్వాత దాన్ని విప్పాలంటే చక్రాన్ని వైసులో బిగించి ఇద్దరు పట్టుకోవలసి వస్తుంది. సైకిలు భాగాలు చేసే జపాను కంపెనీ షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బు ఆ తిరుగుడు యంత్రాంగాన్ని హబ్బులోనే భాగం చేసి, కుడి బేరింగును ఇరుసు చివరి దగ్గరికి జరిపింది. ఇరుసుకు ఆధారం దొరికింది, అరిగే పళ్ల చక్రాలు మాత్రం కాసెట్టు రూపంలో విడిగానే మిగిలాయి. అరిగేదాన్ని విడిగా ఉంచి, అరగని చోట కలిపితే కలపడం లాభమే. కొత్తగా గేరు సైకిలు కొనేవారు గేర్ల సంఖ్య కంటే ముందు ఇది ఫ్రీవీలా, కాసెట్టా అని అడగడం మంచిది.

ఇదే కొలతతో చూస్తే చవక సైకిళ్ల హ్యాండిలు మీద వచ్చే జంట లివరు నిలవదు. షిమానో టోర్నీ ఈఎఫ్500 వంటి వాటిలో బ్రేకు లివరూ గేరు మీటా ఒకే ముక్క. గేరు మీట లోపలి చిన్న స్ప్రింగో పన్నో పాడైతే చక్కగా పనిచేస్తున్న బ్రేకు లివరును కూడా పారేయాలి. అదే కంపెనీ విడి గేరు మీటలనూ అమ్ముతుంది కనుక, సాదా హ్యాండిలు సైకిలుకు వాటినే కోరుకోవాలి. వంపు హ్యాండిలు రోడ్డు సైకిలు సంగతి వేరు. షిమానో 1990లో బ్రేకునూ గేరునూ ఒకే లివరులోకి తెచ్చిన తర్వాత గేరు మార్చడానికి చేతిని కింది గొట్టం దాకా దించవలసిన పని తప్పింది. హనుమకొండ చౌరస్తాలో ఎటునుంచి ఏ ఆటో అడ్డం వస్తుందో తెలియని చోట రెండు చేతులూ బ్రేకు మీదే ఉండడం చిన్న లాభం కాదు. దానికి నేను ఓటేస్తాను. అయితే ఆ లివరులోపల కేబులు పోగులు తెగి ఇరుక్కుంటే తీయడం మహా కష్టం, కాబట్టి గేరు బరువెక్కిందనిపించిన రోజే కేబులు మార్పించాలి.

పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దగ్గర పరిశ్రమే వెనక్కి తిరిగింది. 68 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో మరతో బిగించే బీఎస్ఏ పద్ధతి బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ పేరుమీద వచ్చినది. కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుందని మెకానిక్‌కు తెలిస్తే చాలు, తక్కినదంతా పానా పనే. 2000లో క్యానన్‌డేల్ అనే సైకిలు కంపెనీ తెచ్చిన బీబీ30, ఆ తరువాతి ప్రెస్‌ఫిట్ రకాలు మర లేకుండా బేరింగులను ఫ్రేములోకి ఒత్తి దింపుతాయి. బరువు కాస్త తగ్గుతుంది, లావు ఇరుసు పెట్టే వీలుంటుంది. కానీ ఫ్రేము రంధ్రం కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, సన్నటి దుమ్మూ నీరూ సందులోకి చేరినా కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. బయటికి లాగడానికీ లోపలికి ఒత్తడానికీ ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. అవి లేని చోట సుత్తెతో కొడితే పోయేది బేరింగు కాదు, కార్బన్ ఫ్రేము. 2015లో టీ47 అనే పెద్ద మర పద్ధతి వచ్చింది, తర్వాత ట్రెక్ కంపెనీ దాన్ని అందుకుంది. స్పెషలైజ్డ్ కంపెనీ తన పందెపు సైకిలు టార్మాక్ ఎస్ఎల్7తో 2020లో తిరిగి బీఎస్ఏ మరకే వచ్చింది. పందెపు సైకిళ్లు చేసేవారే వదిలించుకున్నదాన్ని మనం నెత్తికెత్తుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది హెడ్‌సెట్‌లోంచి పోయే కేబుళ్ల గురించే. హ్యాండిలు తిరిగే చోటి పై బేరింగు మన వాతావరణంలో తొందరగా చెడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో కారే చెమట ఉప్పు, జూలైలో చక్రం చిమ్మే బురదనీరు రెండూ దానిమీదే చేరతాయి. కేబుళ్లు బయట ఉన్న సైకిలులో స్టెమ్ము వదులు చేసి, ఫోర్కు దించి, కొత్త బేరింగు వేసి బిగించడం అరగంట పని. కేబుళ్లు బేరింగు నడుమగా పోయే సైకిలులో మొదట బ్రేకు గొట్టాలను ఊడదీయాలి, పని అయ్యాక బ్రేకు నూనె మళ్లీ నింపి గాలి బుడగలు తీయాలి. కొద్దిపాటి ధర చేసే బేరింగు కోసం ఒక పూట, దానికి తగ్గ కూలి పోతాయి. హ్యాండిలూ స్టెమ్మూ ఒకే ముక్క అయినప్పుడు నడుము నొప్పి అని స్టెమ్ము ఒక సెంటీమీటరు తగ్గించుకోవాలన్నా మొత్తం హ్యాండిలు కొనాలి.

ఇంతా చేసి దక్కేదేమిటి? గాలి నిరోధంలో కొన్ని వాట్ల ఆదా. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ఎనిమిది వాట్లు ఆదా చేసే అమరిక 22.5 కిలోమీటర్ల దగ్గర ఒక్క వాటే ఆదా చేస్తుంది. ఎదురుగాలిలో ఆత్మకూరు దాటడానికి ఆ ఒక్క వాటు ఏమంత సాయపడదు. చూడముచ్చటగా ఉంటుందన్నది మాత్రం నిజం, దానికోసమే కొంటామనేవారితో వాదించలేం.

బ్రేకుల్లో తీర్పు ఇంత తేలికగా రాదు. తడిసిన రిమ్ము మీద రబ్బరు బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, ఎర్రమట్టి బురద అల్యూమినియం రిమ్మును గీరేస్తుంది. ఈ విషయంలో డిస్కు బ్రేకు ఏ రకమైనా మేలే. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు వేళ్లకు తేలిక, సాధారణంగా నెలల తరబడి ముట్టుకోనక్కరలేదు. చిక్కంతా నూనె దగ్గర వస్తుంది. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలు, దాని పోటీ కంపెనీ స్రామ్ వారి చాలా బ్రేకులకు డాట్ ఆయిలు వాడాలి. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. మన ఊళ్లలో మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర సులభంగా దొరికేది డాట్ ఆయిలే కనుక షిమానో బ్రేకున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. సొంతంగా బ్లీడింగ్ కిట్టు (నూనె నింపి గాలి బుడగలు తీసే సామాను) పెట్టుకుని నేర్చుకునే ఓపిక ఉంటే హైడ్రాలిక్, లేకుంటే కేబులుతో నడిచే డిస్కు. రెండోది గేరు కేబులు మార్చగల ఎవరైనా సరిచేస్తారు.

గొలుసును ఒక పళ్ల చక్రం మీంచి మరొకదానికి జరిపే వెనక డెరెయిలర్ వేలాడే హ్యాంగరు ముక్క ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉండడం ఏళ్ల తరబడి తలనొప్పిగా ఉండేది. స్రామ్ 2019లో తెచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డెరెయిలర్ హ్యాంగర్) అన్ని ఫ్రేములకూ ఒకే హ్యాంగరు అనే పద్ధతిని పెట్టింది, చాలా కంపెనీలు దాన్ని అంగీకరించాయి. కొత్తదనం నల్ల సైకిలు కాలపు సుగుణాన్ని తిరిగి తెచ్చిన అరుదైన సందర్భం ఇది. మీ ఫ్రేముకు అది లేకుంటే సైకిలుతో పాటే ఒక హ్యాంగరు అదనంగా కొని దాచుకోవాలి. సీటు గొట్టం 27.2 మిల్లీమీటర్ల గుండ్రనిదైతే ఎప్పుడైనా దొరుకుతుంది. ప్రత్యేక ఆకారానిది పదేళ్ల తర్వాత దొరుకుతుందన్న హామీ లేదు. షిమానో 2009 నుంచి అమ్ముతున్న ఎలక్ట్రానిక్ గేర్ల సంగతి ధరతోనే తేలిపోతుంది. చక్కగా పనిచేస్తాయి, చార్జింగు మరవకూడదు, అంతే.

ట్రయథ్లాన్‌లకూ టైమ్ ట్రయల్ పందేలకూ సిద్ధమవుతూ గంటకు 40 కిలోమీటర్లకు తగ్గని వేగంతో తొక్కేవారికి పైన చెప్పిన లెక్కే తిరగబడుతుంది, దాచిన కేబుళ్లు వారికి నిజంగా పనికొస్తాయి. అటువంటివారు ఏటా వానలు వెలిశాక హెడ్‌సెట్ విప్పించి, బేరింగులు మార్పించి, బ్రేకులు బ్లీడ్ చేయించే కూలిని, అవసరమైతే సైకిలును హైదరాబాదు దాకా తీసుకెళ్లే ఖర్చును సైకిలు ధరలోనే కలుపుకుని బేరమాడాలి.