సెప్టిక్ ట్యాంక్: పౌడర్ వేయాలా, తోడించాలా, పొంగేదాకా ఆగాలా?

సెప్టిక్ ట్యాంక్ మనకు గుర్తొచ్చేది అది పొంగినప్పుడే. అప్పటిదాకా మూత మీద పూలకుండీ పెట్టుకుని మర్చిపోతాం. మేమూ అంతే. ఓ పొద్దున బాత్రూమ్‌లో నీళ్లు దిగకుండా గుడగుడమంటుంటే టెన్షన్ మొదలైంది. తలా ఒక మాట చెప్పారు. నెలనెలా బ్యాక్టీరియా పౌడర్ వేస్తే తోడించే పనే ఉండదని ఒకరు, మూడేళ్లకోసారి తోడించి తీరాల్సిందేనని ఇంకొకరు, నిండినప్పుడు చూసుకోవచ్చులే అని మరొకరు.

అసలు ఈ 'నిండడం' అన్న మాటలోనే తిరకాసుంది. ట్యాంక్ ఎప్పుడూ నిండే ఉంటుంది. ఇటు నుంచి బకెట్ నీళ్లు వెళ్తే, అటు నుంచి బకెట్ నీళ్లు డ్రెయిన్ ఫీల్డ్‌లోకి పోతాయి. చూడాల్సింది అడుగున పేరుకునే మడ్డిని, పైన తేలే జిడ్డు తెట్టును. ఈ రెండింటి మధ్య కాస్త తేటగా ఉన్న నీరే బయటికి వెళ్లాలి. డ్రెయిన్ ఫీల్డ్ అంటే చిల్లుల పైపులు, వాటి చుట్టూ కంకర, కింద మట్టి. మురుగునీటిని చాలావరకు శుభ్రం చేసేది ఆ మట్టే.

అందుకే పొంగేదాకా ఆగడమన్నది మొదట్లోనే కొట్టేయాల్సిన పద్ధతి. మడ్డి పెరిగేకొద్దీ నీరు తేరుకునే చోటు తగ్గి, ముక్కలూ జిడ్డూ ఫీల్డ్‌లోకి కొట్టుకుపోతాయి. మట్టిలో నీరు ఇంకే దారుల్ని నల్లటి బంక పొర కమ్మేస్తుంది. ట్యాంక్‌లోని మడ్డిని బండి పిలిపించి లాగించొచ్చు. మట్టి సందుల్లోకి దిగినదాన్ని ఏ బండీ లాగలేదు. కొత్త ఫీల్డ్ తవ్వించడానికయ్యే ఖర్చు ముందు తోడించే ఖర్చు ఏపాటిది?

పౌడర్ సంగతికొస్తే, నా లెక్కలో అది దండగ. కావలసిన బ్యాక్టీరియా మన మలంతోనే రోజూ లోపలికి చేరుతుంది, డబ్బా కొనక్కర్లేదు. పైగా జిడ్డును కరిగిస్తామనే మందులతో ఆ జిడ్డు మాయం కాదు, నీళ్లతో కలిసి ఫీల్డ్ దాకా పోయే ప్రమాదం ఉంది. ఇసుక, ప్లాస్టిక్, తడి వైప్స్‌ను ఏ బ్యాక్టీరియా తింటుంది చెప్పండి? యాసిడ్లు, సాల్వెంట్లు పోయడం ఇంకా ఘోరం, భూగర్భజలం కూడా పాడవుతుంది.

ఇక మిగిలింది తోడించడం. కాకపోతే క్యాలెండర్ చూసి తోడించాలా, కొలిచి తోడించాలా? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మామూలు ఇళ్లకు 3 నుంచి 5 ఏళ్లు అంటుంది. గుర్తు పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ పెద్ద ట్యాంక్‌కు ఇద్దరే ఉన్న ఇల్లూ, చిన్న ట్యాంక్‌కు ఏడుగురున్న ఇల్లూ ఒకటెలా అవుతాయి?

నా ఓటు కొలవడానికే. పొడవాటి కర్రకు కింది సగం తెల్ల టవల్ చుట్టి కట్టాలి. నీరు బయటికి పోయే వైపు, తెట్టును తప్పించి, అడుగు తగిలేదాకా మెల్లగా దించాలి. నాలుగైదు నిమిషాలాగి నిదానంగా తీస్తే, మడ్డి ఉన్నంత మేర టవల్ నల్లబడి ఉంటుంది. మాకు నీటి లోతు 48 అంగుళాలు, మడ్డి 17, పైన తెట్టు 4. రెండూ కలిపి లోతులో మూడో వంతుకు, అంటే 16 అంగుళాలకు చేరకముందే తోడించాలి. మేం ఎప్పుడో దాటేశాం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మూత తీసినప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. లోపలికి తల వంచకూడదు, దిగడమన్న మాటే వద్దు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, మీథేన్ మండుతుంది. మూత విరిగినా, కదులుతున్నా ఆ రోజే మార్పించండి.

తోడించగానే అన్నీ చక్కబడతాయని కూడా అనుకోవద్దు. ఫీల్డ్ అప్పటికే చిత్తడిగా ఉంటే, ఖాళీ ట్యాంక్ మళ్లీ నిండేదాకా కొన్నాళ్లు ఊరట దొరుకుతుంది, అంతే. ఆ లోపు కారుతున్న ఫ్లష్ బాగుచేయించి, వాషింగ్ మెషిన్ లోడ్లన్నీ ఒకే రోజు వేయకుండా, డాబా మీది వాననీటిని అటు పోకుండా మళ్లిస్తే మట్టికి కాస్త ఊపిరాడుతుంది. భూగర్భజలం పైకొచ్చిన ముసురు రోజుల్లో మాత్రం తోడించే పని పెట్టుకోకండి. ఖాళీ అయిన ట్యాంక్, ముఖ్యంగా ప్లాస్టిక్‌ది, నేలలోంచి పైకి తేలొచ్చు.