బూట్లు ఆరిన ఇల్లు

నాలుగు రోజులు, దాదాపు 900 కిలోమీటర్లు, రెండు బైకులు. నేనూ, మావాడూ. ముసురు పట్టిన వారంలోనే కావాలని బయల్దేరాం. ఇంతకుముందు ఎండల్లో తిరిగినప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసి గది తీసుకునేవాళ్లం. ఈసారి మూడు రాత్రులు మూడు చోట్ల పడుకున్నాక నా లెక్క మారిపోయింది. వానలో బస అంటే నేనిక చూసేవి రెండే: బండికి పైకప్పు ఉందా, తడిసినవి ఆరేసుకోవడానికి గాలి తగిలే చోటుందా.

మొదటి రాత్రి హైవే పక్కన లాడ్జి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పరుపు కూడా బాగుంది. కానీ కవర్డ్ పార్కింగ్ అని రాసింది కార్లకేనట, బైకులు చెట్టు కింద పెట్టుకోమన్నారు. గదిలో ఫ్యాన్ లేదు, కిటికీ తెరుచుకోదు. గ్లోవ్స్ బాత్రూమ్‌లో వేలాడదీస్తే తెల్లారేసరికి పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. తడి గ్లోవ్స్‌లోంచి చెయ్యి బయటికి లాగితే లోపలి లైనింగ్ వేళ్లకు అంటుకుని వచ్చేస్తుంది. ఒక్కో వేలునీ పెన్ను వెనక వైపుతో లోపలికి నెట్టుకుంటూ కూర్చున్నాం. బయల్దేరాల్సిన సమయం దాటి ముప్పావు గంట అయింది.

రెండో రోజు ఘాట్ రోడ్డు. వాన మొదలైన తొలి నిమిషాలే ఎక్కువ ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీళ్లతో కలిసి జారుడుగా తయారవుతాయి. అందుకే చినుకు పడగానే పక్కకు తీసి కాసేపు ఆగాం, రోడ్డు బాగా కడుక్కుపోయాక కదిలాం. మలుపుల్లో తడిస్తే జారే తెల్ల గీతల మీదికి, మ్యాన్‌హోళ్ల ఇనుప మూతల మీదికి టైరు పోనివ్వలేదు. మావాడి బండికి ఏబీఎస్ బ్రేకులు ఉన్నాయి, నాదానికి లేవు. అయినా ఇద్దరం ఒకే వేగంలో వెళ్లాం. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది గానీ రోడ్డు మీద లేని పట్టును తెచ్చి ఇవ్వలేదు కదా. వేగం 80 నుంచి 40కి తగ్గిస్తే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. వానలో నేను నమ్మేది ఆ లెక్కనే.

మధ్యాహ్నం దాటాక మావాడు చెయ్యి పైకెత్తి బండి ఆపాడు. హెల్మెట్ తియ్యకుండానే, "ఒరేయ్, వేళ్లు తెలియట్లేదురా. బ్రేకు లివర్ పట్టుకున్నానో లేదో అర్థం కావట్లేదు" అన్నాడు. వాడిది లోపల వాటర్‌ప్రూఫ్ లైనర్ ఉన్న జాకెట్. ఒంటికి తడి తగలకపోయినా పై గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, గాలికి చల్లబడి ఒంట్లో వేడి లాగేస్తుంది. నేను జాకెట్ పైన మామూలు రెయిన్‌కోట్ వేసుకున్నాను, వాడికంటే చాలా నయంగా ఉన్నాను. ఎవరైనా అడిగితే రెయిన్‌కోట్ పైన వేసుకోమనే చెబుతాను.

ముందే డబ్బు కట్టిన హోటల్ ఇంకా 60 కిలోమీటర్లు ఉంది. డబ్బు పోతే పోయిందని అక్కడే దగ్గర్లో ఒక చిన్న హోమ్‌స్టేలో దిగాం. ఈ ట్రిప్‌లో మేం తీసుకున్న అన్ని నిర్ణయాల్లోకీ మంచిది అదే.

గది చిన్నది, బకెట్‌తో స్నానం, ఫోన్‌కు సిగ్నల్ లేదు. కానీ రెండు బైకులూ వరండాలోకే ఎక్కించమన్నారు. ఇంటిని చూసుకునే పెద్దాయన మా బూట్లు చూసి లోపలికెళ్లి పాత పేపర్ల కట్ట తెచ్చాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఇన్‌సోల్స్ బయటికి తీసి, ఒక్కో కాగితాన్ని వదులుగా ఉండచుట్టి బూటు మొనదాకా కూరాడు. "గట్టిగా కుక్కితే గాలాడదు బాబూ" అన్నాడు. గంటకోసారి తడి కాగితాలు తీసి పొడివి పెట్టాడు. రాత్రి ఫ్యాన్ కింద తీగ కట్టి గ్లోవ్స్ వేళ్లు కిందికి వచ్చేలా క్లిప్పులతో వేలాడదీశాడు. పొద్దున బూట్లో కాలు పెడితే పొడిగా, కాస్త వెచ్చగా ఉంది. మావాడు ఏమీ మాట్లాడకుండా ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

మూడో రోజు చైను కరకరమంటూ శబ్దం చేసింది. వాన నీళ్లు చైను మీది లూబ్‌ను, అంటే అది అరగకుండా కొట్టే నూనెను, కడిగేస్తాయి, ఆపైన ఇసుక చేరుతుంది. దారిలో కనిపించిన పెద్ద సర్వీస్ సెంటర్‌లో రేపు రమ్మన్నారు. ఊరి చివర ఒక్కడే ఉన్న మెకానిక్ అప్పటికప్పుడు చైను తుడిచి, చక్రం తిప్పుతూ లోపలి వైపునుంచి లూబ్ కొట్టి, బిగువు సరిచేశాడు. అడగకుండానే బ్రేక్ ప్యాడ్లు కూడా చూశాడు. బురద, ఇసుక వల్ల వానాకాలంలో అవి తొందరగా అరుగుతాయి. లూబ్ కాసేపు పట్టాలని మమ్మల్ని పావుగంట కూర్చోబెట్టి మరీ పంపాడు.

ఆ రాత్రి టౌన్ మధ్యలో దిగిన లాడ్జి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పార్కింగ్ సెల్లార్‌లో ఇచ్చారు, ఫ్యాన్ తిరిగింది, పడుకున్నాం. సామాన్లలో మాత్రం ఒక తేడా గమనించాను. బ్యాగు పైన వేసిన రెయిన్ కవర్ అడుగున నీళ్లు నిలిచి మావాడి బట్టలన్నీ తడిశాయి. నేను లోపల ఒక్కో జతనీ విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకున్నాను, ఒక్క చుక్క దిగలేదు. నా టీషర్ట్ వేసుకునే వాడు చివరి రోజు బండి నడిపాడు.

వచ్చే ఏడాది వానలకు ఆ హోమ్‌స్టేలో రెండు రాత్రులు అడిగి పెట్టాం. ఈసారి పాత పేపర్లు మేమే తీసుకెళ్తున్నాం.